బల్బుకి కుదిర్చిన శ్రుతి

నవంబరు 4

వాడే ఫోన్ చేశాడు. ఐదేళ్ళలో ఇదే మొదటిసారి. నంబరు తీసేసి ఉంచాను గానీ, గొంతుని ఎక్కణ్ణించి తీసెయ్యను? "నరసింగరావుగారూ, నేను ఉదయభాస్కర్‌ని" అన్నాడు. సైకిలు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని బడికి దింపిన పిల్లాడు. అప్పట్లో 'అన్నా' అనేవాడు. ఇప్పుడు 'గారు' తగిలించాడు.

సంగతేమిటంటే, వాళ్ళ నాన్న వేంకటాచలం మాస్టారి పాత గాజు వాల్వుల రేడియో సెట్టు అటక మీంచి దించారట. వచ్చే ఆదివారం కాక పై ఆదివారం అరసవల్లిలో వాళ్ళ హామ్ రేడియో క్లబ్బు పాత సెట్ల ప్రదర్శన పెడుతోందట. మాస్టారి సెట్టు ఆ రోజు మళ్ళీ పలకాలట.

"అది పనికొస్తుందో రాదో చూసి చెప్పగలిగినవాళ్ళు ఈ జిల్లాలో మీరొక్కరే" అన్నాడు.

ఒక్కణ్ణే. నా నోరు మూయించినవాడికి ఇప్పుడు నా చెయ్యి కావలసొచ్చింది.

చూద్దాం అన్నాను.

నవంబరు 5

పొద్దున్నే స్నానం చేసి గీత తెరిచాను. కళ్ళు మూసుకుని వేలు పెడితే, యుద్ధం నా వల్ల కాదని కూలబడ్డవాణ్ణి లేచి నిలబడమనే చోటు వచ్చింది. దేవుడు ఇంతకంటే సూటిగా ఎవరికి చెప్తాడు?

జగ్గమ్మకి చూపించాను. మా ఆవిడ పేలాల జల్లెడ పక్కన పెట్టి, పుస్తకం చూసి, "ఆ పేజీ కాడ దీపం నూనె ఒలికింది మావా. ఎప్పుడు తెరిసినా అదే వస్తాది" అంది.

దానికి అలాంటివే కనిపిస్తాయి.

జరిగినదంతా మళ్ళీ రాసుకుంటాను. ఏటా ఒకసారి రాసుకోకపోతే పగకి తుప్పు పడుతుంది. రోజూ పొద్దున్న ఏడింటికి, సొంత సెట్లతో సరదాకి ప్రసారం చేసుకునే చుట్టుపక్కల హాములందరం గాలిలో కలుసుకునేవాళ్ళం. కొత్తవలస నుంచి జగన్నాధం, అటు పలాస, ఇటు బొబ్బిలి, ఎవరి ఇంట్లో వాళ్ళు కూర్చుని పేరుపేరునా పలకరించుకోవడం. నా వంతు చివర ఒక్క గీత మాట చెప్పేవాణ్ణి. అర నిమిషం. నేను బడి గట్టిగా చదివినవాణ్ణి కాను. వ్యవసాయం చేసుకుంటూ, తాళపత్రం దొరికినవాడిలా ఆ పుస్తకాన్ని నాకు నేనే చదువుకున్నాను. అలా దొరికినది నలుగురికీ పంచొద్దా? హామ్ రేడియోలో మతం మాట్లాడకూడదని రూలు ఉంది. ఉంటే ఉంది. విన్నవాళ్ళలో ఒక్కరైనా అడ్డు చెప్పారా?

వీడు చెప్పాడు. ఆ కలయిక నడిపేది ఉదయభాస్కరే. రెండుసార్లు హెచ్చరించాడు. ఆ తరవాత నా గొంతు రికార్డు చేసి వైర్‌లెస్ ఆఫీసుకి పంపాడు. నా లైసెన్సు పోయింది.

అప్పటికి మాస్టారు మంచంలో ఉన్నారు. నా వేలు పట్టుకుని, కీ టకటకలతో మాట్లాడే మోర్సు నేర్పినాయన. ఏడింటికి మా నరసింగం గొంతు వినిపించదేమని అడిగేవారట. ఆ గొంతు వినకుండానే పోయారు. ఈ పాపం ఎవరి ఖాతాలోది? ఉదయభాస్కర్ ఖాతాలోది.

మా ఊరి నుంచి అరసవల్లికి బస్సులో అరగంట. అది వేరే సంగతి.

నవంబరు 6

వెళ్ళాను. సంచీలో మీటరు, స్క్రూడ్రైవర్లు, రెండు బల్బులు, గీత.

అరసవల్లిలో ఆటోలు దేవుడి రథాల కంటే అడ్డంగా ఉన్నాయి. తలుపు లక్ష్మీకామేశ్వరి అమ్మగారు తీశారు. మాస్టారి భార్య. జుట్టు పూర్తిగా తెల్లబడింది. మనిషి మాత్రం వీణ వాయించే రోజుల్లో లాగే నిటారుగా ఉన్నారు.

"నరసింగమా! దారి గుర్తుందన్న మాట."

దణ్ణం పెట్టాను. చెప్పులు విప్పి లోపలికి వెళ్ళాను.

సెట్టు భోజనాల బల్ల మీద ఉంది. మీద కప్పిన గుడ్డ తీశాను. కాసేపు ముట్టుకోలేదు. పాత సెట్టు చేతికి రాగానే స్విచ్చి వేసేవాడు ఆ సెట్టుకి యముడు. ముందు వాసన చూడాలి. కాలిన వాసన వేరు, ఎలకల వాసన వేరు, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కారిన మైనం వాసన వేరు. దీనికి అవేవీ లేవు. ముక్కుపొడి వాసన ఉంది. మాస్టారిది.

మూత విప్పాను. కండెన్సర్ల నెత్తులు ఉబ్బలేదు. టంకం వేసిన చోట్లు చూస్తే ఎవరి చెయ్యో చెప్పనక్కర్లేదు, ఒక్కొక్కటీ మెంతిగింజంత, ఒక్కటీ పొంగిపోలేదు. చివర, ప్రసారం మోసే రెండు పెద్ద వాల్వులు. గాజు లోపల పైన అద్దంలా వెండి పూత ఉంటుంది. అది పాలలా తెల్లబడితే లోపలికి గాలి దూరినట్టు, వాల్వు చచ్చినట్టు. ఈ రెండింటిలో నా మొహం కనిపించింది. ఇవి నాకు తెలిసిన వాల్వులే. మాస్టారు ఒకప్పుడు ఓ పెట్టెడు వాల్వులు ఒక్కొక్కటే కొలిచి, ఒకే బలం ఉన్నవి నాలుగు ఏరారు. రెండు ఇందులో పెట్టుకున్నారు, రెండు నా సెట్టులో పెట్టారు. ఇప్పుడు ఆ రకం ఎక్కడా దొరకదు.

తరవాత సీరీస్ బల్బు. గోడ కరెంటుకీ సెట్టుకీ మధ్య అరవై వాట్ల బల్బు కట్టాను. బల్బు భగ్గున వెలిగి అలాగే ఉండిపోతే లోపల షార్టు. వెలిగి, మెల్లగా కునికిందంటే ప్రాణం ఉన్నట్టు. కునికింది. స్పీకరులో హోరు మొదలైంది.

అమ్మగారు వంటింట్లోంచి వచ్చి గుమ్మం దగ్గర నిలబడిపోయారు. "భావనపాడు హోరు అనేవారు దీన్ని. సముద్రం దగ్గర కూర్చున్నట్టుంటుందని."

అమ్మగారి మాట విననట్టు ఉండడం నాకు చేతకాలేదు. కళ్ళు తుడుచుకోవడానికి కండువా తీసి, మీటరు తుడిచాను.

మిగిలింది ప్రసారం పరీక్ష. ఏరియల్ తగిలించే చోట నూరు వాట్ల బల్బు తగిలించాను. ఇలా చేస్తే ఏదీ గాలిలోకి పోదు, అంతా బల్బులోనే వెలుగైపోతుంది. లైసెన్సు లేనివాడు చేసినా తప్పు కాదు. మాస్టారి ఇత్తడి మోర్సు కీ నొక్కాను. మీటరు ముల్లు ఎగిరి కుడివైపు కొట్టుకుంది. వెంటనే, వాల్వుల్ని కుదిర్చే ప్లేటు నాబ్ తిప్పాను. ముల్లు ఒక్కచోట లోయలోకి దిగినట్టు దిగింది. బల్బు పెళ్ళిపందిట్లోలా వెలిగింది.

ఆ దిగే చోటు పట్టుకోవడమే వాల్వు సెట్టు విద్యంతా. ముల్లు దిగకుండా కీ నొక్కి ఉంచితే వాల్వు లోపలి రేకు కొలిమిలో కర్రులా ఎర్రబడి పోతుంది. పైగా బల్బుకి ఒకచోట దిగుతుంది, ఏరియల్‌కి ఇంకోచోట. తగిలించింది మారితే మళ్ళీ తిప్పి దించుకోవాలి. ఇప్పటి సెట్లు ఆ పని వాటంతటవే చేసుకుంటాయి. ఉదయభాస్కర్ వాడేవన్నీ అవే. ఈ నాబ్ వాడు ఎప్పుడూ తిప్పలేదు. తిప్పాలని కూడా వాడికి తెలియదు.

ఆ ఆలోచన నేను తెచ్చుకోలేదు. అదే వచ్చింది. వచ్చి బల్బు వెలుగులో నా ఎదురుగా కూర్చుంది.

పాఠాలు చెప్పే కాలేజీ నుంచి వాడు వచ్చాడు. పొట్ట వచ్చింది, జుట్టు పోయింది.

"ఎలా ఉందండీ కండిషన్?"

"మాస్టారి సెట్టు. ఎలా ఉంటాది?"

"అది కాదు, ఫైనల్‌గా చెప్పండి. వైర్‌లెస్ ఆఫీసు నుంచి ఆఫీసరుగారు కూడా వస్తున్నారు. అక్కడ పరువు పోకూడదు."

"వాల్వులు అద్దాల్లా ఉన్నాయి. కరెంటు బాగుంది. ప్రసారం బాగుంది."

"అయితే ఏరియల్ తగిలించి కీ కొట్టడమే."

"నేను కుదిర్చి పెట్టాను" అన్నాను. కుదిర్చాను కూడా. బల్బుకి.

వాడు తల ఊపాడు. గొంతు తగ్గించి, "మీ లైసెన్సు అప్లికేషన్ ఆ ఆఫీసులోనే ఉందని విన్నాను. ఓ మాట చెప్పమంటే..." అన్నాడు.

"నీ మాట నాకక్కర్లేదు."

అప్పుడు అమ్మగారు అడిగారు. "నరసింగం, వీణని ఈ గదిలోంచి ఆ గదిలోకి మార్చినా మళ్ళీ శ్రుతి చూసుకుంటాం. మీ మాస్టారు కూడా దీని ముందు కూర్చున్నప్పుడల్లా మొదట ఏదో తిప్పేవారు. ఇప్పుడు అక్కర్లేదా?"

వాడు నవ్వాడు. "అమ్మా, ఇది వీణా ఏమిటి?"

"కుదిర్చి పెట్టానమ్మా" అన్నాను. రెండోసారి.

వచ్చేముందు వాడికి ఇంకో సలహా కూడా ఇచ్చాను. ప్రదర్శనలో మూత తీసేసి పెట్టండి, వాల్వుల వెలుగు జనం చూస్తారు అని. సంతోషపడ్డాడు.

ఆ ఇంట్లో కాఫీ తాగకూడదనుకున్నాను. తాగాను.

నవంబరు 7

అబద్ధం చెప్పలేదు.

నవంబరు 8

అబద్ధం చెప్పలేదు. ధర్మరాజూ చెప్పలేదు. ఏనుగు అన్న మాట మెల్లగా అన్నాడు, అంతే. దానికే అంతవరకూ నేలకి తగలని అతని రథం నేల మీదికి దిగిందంటారు. దిగితే దిగింది. యుద్ధం గెలిచాడా లేదా?

నేను వాడి సెట్టుని చెడగొట్టలేదు. స్క్రూ వదులు చెయ్యలేదు, తీగ తెంపలేదు. చెడగొడితే వాడే చెడగొట్టుకుంటాడు, వాడి చేత్తో, వాడి గర్వంతో. నేను సాక్షిని.

నవంబరు 10

కార్తీక సోమవారం. పక్క ఊళ్ళో శివాలయం ముందు నా గీతా ప్రసంగం. కోపం గురించి చెప్పాను. కోపంలోంచి మోహం పుడుతుంది, మోహంలోంచి మతిమరుపు, అక్కణ్ణించి మనిషి పతనం అని మైకు అదిరిపోయేలా చెప్పాను. చెమటలు పట్టాయి. జనం కదల్లేదు. ఇలాంటి రోజు నాకు ఈ మధ్య రాలేదు.

చివర్లో గురమ్మ అనే ముసలావిడ లేచింది. "బాబూ, ఓ మాటడగతాను. కోపం వొద్దని సెప్పడానికి అంత కోపం ఎందుకు బాబూ? మా పిల్ల జడుసుకున్నాది."

అంతా నవ్వారు. నేనూ నవ్వినట్టు చేశాను.

దారిలో జగ్గమ్మ ఆటోలో పైటకొంగు నోట్లో కుక్కుకుని మరీ నవ్వింది. "ఏటే ఆ నవ్వు?" అన్నాను. "ఏటీ లేదు. ఆ ముసల్దానికి మన ఇంటి అడ్రసు ఎవులు సెప్పారా అని" అంది.

నవంబరు 12

నా సెట్టు మూత తీసి దుమ్ము దులిపాను. లైసెన్సు పోయాక ఏ వారమూ మానలేదు. వాల్వులు రెండూ పెళ్ళికూతుళ్ళలా ఉన్నాయి. ఐదేళ్ళుగా పలకలేదు గనక అరగలేదు.

ఆదివారం ఎలా ఉంటుందో ఊహించుకున్నాను. ఊహించుకున్నాను అని రాయడం చిన్నమాట. ఊహలో కాపురం ఉన్నాను. వాడు కోటు వేసుకుంటాడు. ఆఫీసరుగారికి మాస్టారి కథ చెప్తాడు. నన్ను మాట వరసకైనా తలుచుకోడు. కీ నొక్కుతాడు. ముల్లు కుడికి కొట్టుకుంటుంది, వాడు దాన్ని చూసి బలం అనుకుంటాడు. రేకులు ఎర్రబడతాయి. వాసన వస్తుంది. సొంత తండ్రి వాల్వుల్ని నలుగురి ముందు తగలబెట్టుకున్న క్లబ్బు కార్యదర్శి అని పలాస నుంచి కొత్తవలస దాకా ప్రతి హామూ చెప్పుకుంటాడు. నేను ముందు వరసలో ఉంటాను. నాకేసి చూస్తాడు. నేను ఏమీ అనను. గీత మూసి లేచి వచ్చేస్తాను.

మూసి లేవడం రెండుసార్లు అభ్యాసం చేశాను. జగ్గమ్మ చూసింది.

నవంబరు 13

కొత్తవలస నుంచి జగన్నాధం ఫోన్. ఆదివారం మొదటి పిలుపుకి అటునుంచి జవాబిచ్చేది తనేనట. ఉబ్బిపోతున్నాడు.

"నరసింగం, నీకు తెలుసా? కీ కొట్టేది అమ్మగారు!"

"ఏ అమ్మగారు?"

"ఏ అమ్మగారేటి, మాస్టారి అమ్మగారు! ఎప్పుడో మాస్టారు బలవంతాన పరీక్ష రాయించారు గదా. లైసెన్సు ఇప్పటికీ ఉన్నాదట. ఉదయభాస్కర్ పక్కన నిలబడతాడు, అంతే. ఆవిడ వారం నుంచి బల్ల మీద స్పూనుతో మోర్సు సాధన సేస్తన్నారట. అలో? ఉన్నావా?"

ఉన్నాను.

అశ్వత్థామ గుడారంలో దూరి, వీళ్ళే కదా అనుకుని నరికాడు. తెల్లారాక తెలిసింది, వాళ్ళు పాండవులు కారు, పిల్లలని. ఈ కథ నేను నలభై ఊళ్ళలో చెప్పాను. చెప్పినప్పుడల్లా ఆడవాళ్ళు ఏడ్చేవారు. నేను గొంతు పెంచేవాణ్ణి.

నవంబరు 14

ఫోన్ చేశాను. ఉదయభాస్కర్ ఎత్తాడు. పెట్టేశాను.

మళ్ళీ చేశాను. వాడే. "ఏమైనా చెప్పాలా అండీ?" అన్నాడు. ఎంత మర్యాద! ఆ మర్యాద వింటే నా నాలుక కర్రలా అయిపోతుంది.

"ఏటీ లేదు. మూత తీసి పెట్టడం మరిసిపోకు" అన్నాను.

ఇది నా నోరే అన్నది. రాసుకోవలసిందే.

నవంబరు 15

వాడు ఇంజినీరింగు కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. ఏరియల్ తగిలించేటప్పుడు ఒకసారి తిప్పి చూసుకోడా? చూసుకుంటాడు. చూసుకుని తీరతాడు.

జగ్గమ్మకి అంతా చెప్పాను. విని, చేట కింద పెట్టింది.

"ఆయమ్మ మన పెళ్ళికి కోక పెట్టింది మావా."

"తెలుసు."

"నాకు జొరం వస్తే డాక్టరు కాడికి తనే తీసుకెల్లింది."

"తెలుసే!"

"తెలుసా? అయితే సరే" అని లేచి వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండును.

నవంబరు 16

బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి చీకటి పడింది. అయినా ఇవాళే రాస్తాను.

ఆదివారం, కార్తీకం. సూర్యదేవుడి గుడికి వచ్చినవాళ్ళతో రోడ్డు కదల్లేదు. నేను హాలుకి చేరేసరికి అమ్మగారు బల్ల ముందు కూర్చుని ఉన్నారు. నీలం అంచు తెల్ల చీర. చెవి దగ్గర మాస్టారి హెడ్‌ఫోను. సెట్టు మూత తీసి ఉంది. ఏరియల్ తగిలించి ఉంది. ప్లేటు నాబ్ నేను వదిలిన చోటే ఉంది. దాని మీద గీసిన గుర్తు నా కంటికి తెలుసు. గింజంత కూడా కదల్లేదు.

ఆఖరి వరసలో నిలబడ్డాను. ముందు వరసలో కూర్చోవడం నా వల్ల కాలేదు.

ఉదయభాస్కర్ మాట్లాడాడు. కోటు వేసుకోలేదు. నన్ను తలుచుకోడనుకున్నాను. "దీన్ని పరీక్షించి బాగుందని చెప్పినవారు మా నాన్నగారి శిష్యులు నరసింగరావుగారు" అన్నాడు. చప్పట్లు. వాడి మీద ఆ క్షణంలో వచ్చినంత మంట నాకు ఐదేళ్ళలో రాలేదు. ఆ మాట అనకపోతే వాడి సొమ్మేం పోయేది?

అమ్మగారు కీ మీద వేళ్ళు ఆనించారు. ఫోటోలవాడు ముందుకొచ్చి, "అమ్మా, నొక్కండి, అలాగే ఉంచండి, ఇటు చూడండి" అన్నాడు.

ఆవిడ నొక్కారు. నొక్కి ఉంచారు. కెమెరాకేసి తల తిప్పి నవ్వారు.

ముల్లు కుడికి కొట్టుకుంది. వాల్వుల్లో రేకులు ముందు చీకటి ఎరుపు, తరవాత దాసానం పువ్వు ఎరుపు. గది కొంచెం మసకగా ఉంది గనక చాలా అందంగా కనిపించింది. జనం అబ్బ అన్నారు. ఆఫీసరుగారు అన్నారు. ఎవరో చప్పట్లు మొదలెట్టారు. ఆ తరవాత అందరూ కొట్టారు. మాస్టారి వాల్వులు కాలిపోతుంటే హాలు హాలంతా చప్పట్లు కొట్టింది. ఉదయభాస్కర్ అందరికంటే గట్టిగా కొట్టాడు. వాడి కళ్ళలో నీళ్ళు.

ఇదే నేను కోరుకున్నది. అచ్చం ఇదే.

ఎలా వెళ్ళానో తెలియదు. ఎవరి కాలో తొక్కాను. గీత ఎక్కడో జారిపోయింది. వెళ్ళి అమ్మగారి మణికట్టు పట్టుకుని కీ మీంచి లాగేశాను. పెద్దావిడ, గురుపత్ని. నలుగురి ముందు చెయ్యి పట్టి లాగాను. చప్పట్లు ఆగిపోయాయి.

"ఏయ్! ఏటిది!" ఎవరో నా చొక్కా పట్టుకున్నారు.

"ఉండండి" అన్నారు అమ్మగారు. నా మొహంకేసే చూస్తున్నారు. "శ్రుతి తప్పిందా, నరసింగం?"

"తప్పిందమ్మా."

"అయితే చెయ్యి."

మోకాళ్ళ మీద కూర్చున్నాను. "నొక్కండి" అన్నాను. నొక్కారు. ప్లేటు నాబ్ తిప్పాను. "వదిలెయ్యండి." వదిలారు. "నొక్కండి." మూడోసారికి ముల్లు దిగింది. ఏరియల్ వైపు ఉండే లోడు నాబ్ సర్ది మళ్ళీ దించాను. ఎరుపు పోయింది. ఒక వాల్వులో మాత్రం నీలం మెరుపు కదులుతూ ఉంది. అది నేను తప్ప ఎవరూ చూడలేదు. చూసినా దీపావళి అనుకుంటారు.

ఆఫీసరుగారు ముందుకొచ్చారు. "మీకు లైసెన్సు ఉందా?"

"లేదండి. తీసేశారు."

"లైసెన్సు లేకుండా ప్రసారంలో ఉన్న సెట్టు ముట్టుకోకూడదని తెలుసు కదా?"

నేను నోరు విప్పేలోగా అమ్మగారు అందుకున్నారు. "కీ నొక్కింది నేనండీ. నాకు లైసెన్సు ఉంది. వీణకి బిరడలు తిప్పినవాడు కచేరీ చేసినట్టా?"

ఆయన నవ్వలేదు. జేబులోంచి పెన్ను తీసి నా పేరు అడిగారు. చెప్పాను. నా దరఖాస్తు ఆ పెన్ను కిందనే ఉంటుంది.

అమ్మగారు పిలుపు కొట్టారు. నెమ్మదిగా, వీణ మీద మెట్టుమెట్టూ నొక్కినట్టు. కొత్తవలస నుంచి జగన్నాధం జవాబు వెంటనే స్పీకరులో పలికింది. మాస్టారి సెట్టు పంపే ప్రతి మోర్సు చుక్క చివరా పిచ్చుక కూసినట్టు చిన్న కూత ఉంటుంది. జగన్నాధం ఊరూ పేరూ అడగలేదు. మాస్టారి సెట్టు, మాస్టారి సెట్టు అని రెండుసార్లు కొట్టాడు. అమ్మగారి వేళ్ళు ఆగిపోయాయి. హెడ్‌ఫోను తీసి కాసేపు ఒళ్ళో పెట్టుకున్నారు.

నేను బయటికి వచ్చేశాను. చెప్పుల దగ్గర ఉదయభాస్కర్ అందుకున్నాడు. చేతిలో నా గీత. ఎవరో తొక్కినట్టున్నారు, అట్ట మీద మట్టి.

"మీకు ముందే తెలుసు" అన్నాడు.

"తెలుసు."

"బల్బుకి కుదిర్చి, ఏరియల్ మాట చెప్పకుండా..."

"నువ్వడగలేదు." ఈ జవాబు వారం నుంచి దాచుకున్నాను. పెట్టెలో దాచిన పండు లాగా ఉంది, నోట్లో పెడితే.

"అమ్మ అడిగింది."

"నా గొంతు లేకుండా చేసింది నువ్వు" అన్నాను. "ఆఖర్న మాస్టారు నా గొంతు అడిగారు. ఎవడి మూలాన వినిపించలేదు?"

"రోజూ ఏడింటికి నేనే సెట్టు ఆన్ చేసి నాన్న మంచం దగ్గర పెట్టేవాణ్ణి" అన్నాడు. వాడి గొంతు సన్నబడిపోయింది, చిన్నప్పుడు సైకిలు మీంచి పడితే అయ్యేలా. "నువ్వు లేవు. ఎలా ఉంటావు, నేనే పోగొట్టాను కదా. కానీ గాలిలోంచే రావాలేటి అన్నా? బస్సు లేదా?"

అన్నా అన్నాడు.

గీత నా చేతిలో పెట్టి లోపలికి వెళ్ళిపోయాడు.

నవంబరు 17

ఈ రోజు ఏమీ చదవలేదు. గీత అట్ట మట్టి తుడవలేదు.

నీలం మెరుపు అంటే లోపలికి గాలి చేరినట్టు. ఆ వాల్వు పని అయిపోయింది. రెండోది ఒంటెద్దు బండిలా లాగుతోంది. నాలుగు రోజులు లాగితే గొప్ప. ఆ తరవాత మాస్టారి సెట్టు వినడానికే, పలకడానికి కాదు. నా సెట్టు లాగే.

జగ్గమ్మ అడిగింది, నిన్న ఏటయ్యింది అని. చెప్పాను. "సరే, బస్సు గురించి ఆ బాబు అన్నదానికి నువ్వేటన్నావు?" అంది.

అది వేరే సంగతి అన్నాను.

"వేరే సంగతేటి మావా. అదే సంగతి."

నవంబరు 18

పొద్దున్నే నా సెట్టు మూత తీశాను. వాల్వులు చల్లగా ఉన్నాయి. ఐదేళ్ళ నుంచీ చల్లగానే ఉన్నాయి. ఒకటి పట్టుకుని మెల్లగా కదిపి పైకి లాగాను. పన్ను ఊడినట్టు వచ్చింది. మాస్టారు ఏరిన నాలుగింటిలో ఒకటి, ఇంకా కొత్తది. పాత తుండుగుడ్డలో చుట్టాను.

జగ్గమ్మ గుమ్మంలోంచి చూస్తూ ఉంది. "లైసెన్సు వస్తే ఒంటి వాల్వుతో ఏటి సేస్తావు?"

"ఆ ఆఫీసరు ఇస్తాడేటే?"

"ఇస్తే?"

"వినడానికి వాల్వు జత అక్కర్లేదులే."

ఒక మాట స్పష్టంగా రాసిపెట్టుకుంటున్నాను, రేపు మెత్తబడినా ఇది చదువుకుని గట్టిపడడానికి. ఉదయభాస్కర్‌ని క్షమించలేదు. టేపు చేసినవాణ్ణి క్షమించలేదు, ఫిర్యాదు పంపినవాణ్ణి క్షమించలేదు, నలుగురి ముందు నా పేరు చెప్పి చప్పట్లు కొట్టించినవాణ్ణి అసలే క్షమించలేదు. వాల్వు అమ్మగారి చేతికి ఇవ్వను. వాడి చేతికే ఇస్తాను. ఇంట్లో వాడున్న వేళే వెళ్తాను. నేను చూస్తుండగా వాడే బిగించాలి. ముల్లు ఎలా దించాలో నన్ను అడగాలి. ఏరియల్ మార్చినప్పుడల్లా, బ్యాండు మార్చినప్పుడల్లా అడగాలి. నేను ప్రతిసారీ మొత్తం చెప్తాను, ఒక్క మాట మింగకుండా. బతికినన్నాళ్ళూ వాడు అది భరించాలి.

గీత సంచీలో పెట్టలేదు. చేతిలో వాల్వు ఉంది, రెండూ పట్టవు.

ఎనిమిదింటి బస్సు. అరగంటే.